అశ్వత్థామ: భారతం నుంచి ‘కల్కి’ దాకా మారిందేమిటి?

ఇతిహాసాన్ని ఫాంటసీ సినిమాగా తీసేవారు మూలకథను ఎంతవరకు మార్చవచ్చు? 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ ఈ చర్చకు పనికొచ్చే ఉదాహరణ. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించిన ఈ చిత్రంలో అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ నటించారు.

మూలంలో ఏముంది?

సౌప్తిక పర్వంలో అశ్వత్థామ రాత్రివేళ పాండవ శిబిరంపై పడి, నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ని, ఉపపాండవులను చంపుతాడు. తర్వాత తన అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాలపైకి మళ్లిస్తాడు. శిరోమణిని పాండవులకు ఇచ్చేసి, చీము నెత్తుటి కంపుతో 3 వేల ఏళ్లు ఒంటరిగా తిరిగేలా కృష్ణుడి శాపం పొందుతాడు. ఉత్తర బిడ్డను కృష్ణుడు బతికిస్తాడు. విరాట పర్వం మొదలు 15 పర్వాలను తెలుగు చేసిన తిక్కన ఈ ఘట్టాన్నీ మనకు అందించాడు.

సినిమా ఏం చేసింది?

కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందన్నది సంప్రదాయ గణన. దానికి 2898 కలిపితే 6 వేల ఏళ్లు. సినిమా పేరులోని అంకె వెనుక ఉన్న లెక్క ఇదే. అంటే 3 వేల ఏళ్ల శాపం ఇక్కడ రెట్టింపైంది. అంతకన్నా ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. ఒకనాడు గర్భంపై అస్త్రం వేసినవాడే ఇప్పుడు కల్కిని మోస్తున్న తల్లికి కాపలా కాస్తాడు. భారతంలో ఇలాంటి ప్రాయశ్చిత్తం లేదు. కానీ నేరానికి తగ్గ ప్రాయశ్చిత్తం కాబట్టి కల్పన అతికినట్టు కుదిరింది. అయితే గర్భంపై దాడినే ముందుకు తేవడంతో నిద్రలో జరిగిన హత్యలు వెనక్కి పోయాయి. అశ్వత్థామపై జాలి పడటం ప్రేక్షకుడికి తేలికైంది.

ఎక్కడ బెడిసికొడుతుంది?

కొత్త కథ కల్పించడమే తప్పయితే ‘మాయాబజార్’ (1957) నిలిచేది కాదు. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. పాండవులు ఆ సినిమాలో తెరపైకే రారు. అయినా కృష్ణుడు, ఘటోత్కచుడు మనకు తెలిసిన స్వభావంతోనే ఉంటారు. 2023 జూన్ 16న వచ్చిన ‘ఆదిపురుష్’ది వేరే కథ. అది రామాయణ కథనే చెప్పినా, హనుమంతుడి నోట వీధి భాష పలికించడంతో విమర్శలు వెల్లువెత్తాయి. విడుదలయ్యాక సంభాషణలు మార్చాల్సి వచ్చింది. సీతను భారత పుత్రిక అన్న మాటకు నేపాల్‌లో నిరసన రేగింది. ఆమె పుట్టినిల్లు జనక్‌పూర్ అన్నది అక్కడివారి నమ్మకం. ఖాట్మండూలో కొన్ని రోజులు హిందీ సినిమాల ప్రదర్శనే ఆగిపోయింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, సంఘటనలు మార్చినప్పటికన్నా పాత్రల స్వభావం, గౌరవం చెదిరినప్పుడే ఆగ్రహం వచ్చిందని అర్థమవుతుంది. నేడు చాలామంది పిల్లలకు అశ్వత్థామ తొలిసారి పరిచయమయ్యేది తెరమీదే. సినిమా చూసి వచ్చాక సౌప్తిక పర్వం కథను కూడా వారికి ఇంట్లో చెప్పగలిగితే, కల్పన ఏదో మూలం ఏదో వారికే తెలుస్తుంది.