పాత కంప్రెసర్ కొంటున్నారా? ముందు ట్యాంకు చూడండి

విజయవాడ: పంక్చర్ దుకాణం, వాటర్ సర్వీసింగ్ కేంద్రం, వాహనాలకు రంగులు వేసే షెడ్డు... వీటిలో ఏది ప్రారంభించాలన్నా గాలి మిషను తప్పనిసరి. కొత్త యంత్రానికి పెట్టుబడి చాలక పాతదానితో సరిపెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. మూతపడిన దుకాణాల నుంచి, పెద్ద యంత్రాలకు మారిన వర్క్‌షాపుల నుంచి వచ్చిన కంప్రెసర్లు విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్ వంటి చోట్ల చేతులు మారుతూనే ఉంటాయి. కొనేవారిలో అధికులు మోటారు తిరుగుతోందా, గాలి నిండుతోందా అన్నంత వరకే చూసి బేరం కుదుర్చుకుంటారు. నిజానికి మోటారు కాలితే రీవైండింగ్ చేయించుకోవచ్చు. రింగులు అరిగితే మార్చుకోవచ్చు. లోపలి నుంచి తుప్పు తిన్న ట్యాంకుకు మాత్రం మరమ్మతు లేదు. అది పగిలితే పోయేది పెట్టుబడి ఒక్కటే కాదు.

తుప్పు లోపలే మొదలవుతుంది

కోస్తా జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ఒక ఘనమీటరు గాలిలో 20 గ్రాములకు పైగా నీటి ఆవిరి ఉండటం ఇక్కడ సాధారణం. ఆ గాలిని కుదించి ట్యాంకులో నింపినప్పుడు ఆవిరిలో అధిక భాగం చల్లబడి నీరై అడుగుకు చేరుతుంది. ఆ నీటిని ఏ రోజుకారోజు డ్రెయిన్ కాక్ తిప్పి వదలాలి. చాలా దుకాణాలలో ఈ పని జరగదు. నెలల తరబడి నీరు నిలిచిన చోట రేకు గుంటలు గుంటలుగా తింటుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల మందం సగానికి పడిపోయి ఉండవచ్చు. ఈ కారణంగానే అమ్మకానికి ముందు కొత్తగా రంగు వేసిన ట్యాంకును మరింత అనుమానంతో చూడవలసి ఉంటుంది.

7 కిలోల పీడనం అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోల బలం, పాత లెక్కలో చదరపు అంగుళానికి సుమారు 100 పౌండ్లు. 40 సెంటీమీటర్ల వ్యాసం గల ట్యాంకులో ఒక పక్క మూత మీద పడే మొత్తం బలం దాదాపు 9 టన్నులు. పలచబడిన రేకు ఆపవలసింది ఆ బలాన్నే.

పరిశీలనకు వెళ్లినప్పుడు ట్యాంకులో గాలి పూర్తిగా తీసివేయించి, మిగిలిన కొద్దిపాటి గాలితో డ్రెయిన్ కాక్ తెరిపించాలి. కొంచెం నీరు రావడం తప్పేమీ కాదు. ఎర్రటి బురద, తుప్పు పొలుసులు వస్తే సందేహించాలి. కాక్ బిగుసుకుపోయి తిరగకపోతే దానిని ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం. పక్కన ఉండే ప్లగ్గు విప్పించి టార్చి వెలుగులో, లేదా సెల్‌ఫోనుకు తగిలించే చిన్న కెమెరాతో లోపలి అడుగు భాగం చూడవచ్చు. ఖాళీ ట్యాంకు మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టినప్పుడు ఒకచోట గణగణమని, అడుగున మందంగా మోగితే అక్కడ తుప్పు పేరుకున్నట్లు ఒక సూచన. గాలి నిండిన ట్యాంకు మీద సుత్తి వేయరాదు.

ట్యాంకు మీద వెల్డింగ్ అతుకు గానీ, ఎంసీల్ పూత గానీ కనిపిస్తే బేరం అక్కడితో ఆపడం ఉత్తమం. సూదిమొన అంత రంధ్రం పడిందంటే దాని చుట్టూ ఉన్న రేకు కూడా పలచబడిందనే అర్థం. కాళ్లు, మోటారు పీఠం అతికిన చోట్ల సన్నని పగుళ్లు ఉంటాయి. కంపనం వల్ల వచ్చే ఈ పగుళ్లు సబ్బు నీళ్లు రాస్తే గాని బయటపడవు.

పేరు పలక ఊడిపోయిన ట్యాంకుకు ఎంత పీడనం వరకు తట్టుకునే శక్తి ఉందో ఎవరూ చెప్పలేరు. పలక ఉండి, పరిమాణం, గరిష్ఠ పీడనం, తయారీ సంవత్సరం చదవగలిగితేనే ముందుకు వెళ్లాలి. ఖరీదైన యంత్రమైతే హైడ్రో పరీక్ష కోరవచ్చు. ట్యాంకును నీటితో నింపి, పనిచేసే పీడనానికి మించిన ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష ఇది. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక పరీక్షలో ట్యాంకు విచ్చుకున్నా పేలుడు ఉండదు. గాలితోనే పరీక్షిస్తామనే వారి మాట వినరాదు.

సేఫ్టీ వాల్వు సంగతి వేరుగా చెప్పుకోవాలి. అది కారుతోందని తీసివేసి, ఆ స్థానంలో బోల్టు బిగించిన యంత్రాలు కనబడుతుంటాయి. ప్రెజర్ స్విచ్ మొరాయించిన రోజున అలాంటి ట్యాంకును కాపాడేది ఏదీ ఉండదు.

గడియారంతో పరీక్ష

ట్యాంకు నమ్మదగినదని తేలిన తరువాతే యంత్రాన్ని తిప్పించాలి. వెళ్లేసరికి హెడ్ వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ రావడం మంచిది; చల్లని యంత్రం మొదటి తిరుగుడులోనే దాని లోపాలు తెలుస్తాయి. స్టార్ట్ చేయకముందు బెల్టు విప్పించి పుల్లీని చేతితో తిప్పి చూడాలి. పట్టి అటూ ఇటూ ఊపినప్పుడు కదలిక ఉంటే బేరింగులు అరిగినట్లే. నూనె కూడా చూడాలి. నూనె తెల్లగా పాలలా ఉంటే నీరు కలిసింది. అందులో లోహపు మెరుపు కనిపిస్తే లోపలి భాగాలు ఒరుసుకుంటున్నాయి.

అమ్మేవారు చెప్పే హార్స్‌పవర్ కన్నా నమ్మదగినది గడియారం. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, అన్ని కాక్‌లు మూసి, సున్నా నుంచి 7 కిలోల వరకు నిండటానికి ఎంత సమయం పడుతుందో లెక్కించాలి. ట్యాంకు లీటర్లను 7తో గుణించి నిమిషాలతో భాగిస్తే నిమిషానికి యంత్రం ఇచ్చే గాలి తెలుస్తుంది. ఉదాహరణకు 160 లీటర్ల ట్యాంకు 4 నిమిషాలలో నిండితే నిమిషానికి 280 లీటర్లు, అంటే దాదాపు 10 ఘనపుటడుగులు. 3 హార్స్‌పవర్ యంత్రానికి ఇది తగిన ఫలితం. అదే 8 నిమిషాలు పడితే రింగులో వాల్వు ప్లేట్లో అరిగాయన్నమాట. మీటరు ముల్లు అబద్ధం చెప్పే అవకాశం ఉంది. వెంట ఒక మంచి మీటరు తీసుకువెళ్లి పోల్చుకోవడం మేలు.

తిరుగుతున్నప్పుడు ఫిల్టరు దగ్గర చేయి పెడితే గాలి లోపలికి లాగుతుండాలి. వెనక్కి తంతుంటే లోపలికి తీసుకునే వాల్వు కారుతోంది. నూనె గది బ్రీదరు నుంచి బుసబుస పొగ వస్తే రింగుల మీదుగా గాలి దిగుతోంది. వదిలిన గాలికి తెల్ల కాగితం అడ్డం పెట్టినప్పుడు నూనె మరకలు పడితే ఆ యంత్రం రంగుల పనికి పనికిరాదు. పంక్చర్ దుకాణానికైతే కొంత కాలం నెట్టుకురావచ్చు. రెండు సిలిండర్లలో అంచెలంచెలుగా గాలిని కుదించే యంత్రంలో మధ్య గొట్టం మీది సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తుంటే చిన్న సిలిండరు వాల్వులను అనుమానించాలి.

నిండగానే ప్రెజర్ స్విచ్ తనంతట తాను మోటారును ఆపాలి. ఆగిన వెంటనే ఒక్క క్షణం 'స్స్' శబ్దం రావడం మంచి లక్షణమే. ఆ శబ్దం ఆగకుండా సాగితే నాన్ రిటర్న్ వాల్వు మార్చవలసి ఉంటుంది. ఇది పెద్ద ఖర్చు కాదు. తరువాత పావుగంట వదిలేసి ముల్లు ఎంత దిగిందో చూడాలి.

మోటారు విషయంలో త్రీఫేజా, సింగిల్ ఫేజా అన్నదే ముఖ్యం. దుకాణంలో త్రీఫేజ్ కనెక్షన్ లేనివారు చౌకగా వచ్చిందని 5 హార్స్‌పవర్ యంత్రం కొంటే దాన్ని వాడుకోలేరు. నిండు పీడనం దగ్గర క్లాంప్ మీటరుతో కొలిచిన కరెంటు పలక మీది అంకెను దాటకూడదు.

ఏ పనికి ఏది?

ద్విచక్ర వాహనాల టైర్లకు 25 నుంచి 35 పౌండ్లు చాలు. లారీ టైరుకు 100 పౌండ్లకు పైగా కావాలి కనుక 7 కిలోల వద్ద ఆగిపోయే యంత్రంతో ఆ పని సాగదు. 10 కిలోలు దాటే రెండంచెల యంత్రం వెతకాలి. స్ప్రే గన్నుకు పీడనం కన్నా ఆగకుండా గాలి అందడం ముఖ్యం.

కోయంబత్తూరుకు చెందిన ఎల్జీ వంటి పేరున్న సంస్థల యంత్రాలకు విడిభాగాలు వెతుక్కోవలసిన అవసరం తక్కువ. ఒక చోటి హెడ్, మరో చోటి ట్యాంకు కలిపి కట్టిన యంత్రం ధర తక్కువే గానీ, గాస్కెట్ పోయినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. సొంతదారు పేరిట ఉన్న పాత బిల్లు అడిగి తీసుకోవాలి.

బేరం కుదిరి ఆటోలో ఎక్కించే ముందు ట్యాంకులో గాలి పూర్తిగా వదిలేయాలి. పక్కకు పడుకోబెడితే నూనె సిలిండరులోకి చేరుతుంది కనుక నిలువుగానే కట్టి తేవాలి. దుకాణానికి చేరాక పాత నూనె తీసి కొత్తది పోసి, సేఫ్టీ వాల్వు కొత్తది బిగించిన తరువాతే స్విచ్ వేయాలి.