నాలాగా మారిన వాగు

హైదరాబాదు వాయవ్యమున కూకటిపల్లి వైపునుండి ఫతేనగరు, బేగంపేటల మీదుగా హుస్సేన్‌సాగరమును చేరు ప్రవాహమును మనము నేడు నాలా అనుచున్నాము. ఆ పిలుపులోనే చిన్నచూపున్నది. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో కట్ట వేయబడిన ఆ చెరువులో పడు వాగులలో ఇదియే పెద్దది. సుమారు 1930 వరకు నగరవాసులు ఆ చెరువు నీటిని త్రాగిరి. గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) జలములు అందిన పిమ్మట మనకు వాగుతో పని తీరినది.

ఎగువన బాలానగరు, జీడిమెట్ల కర్మాగారముల వ్యర్థములును, ఇండ్ల మురుగును అందు కలిసెను. ఒడ్డున బస్తీలు వెలసెను. గట్టున గుడిసె వేసికొన్న పేదవానినొక్కనినే నిందించుట న్యాయము కాదు. ఆ రసాయనములు అతడు కలిపినవా? 2000 ఆగస్టు 24న ఒక్కదినముననే సుమారు 24 సెంటీమీటర్ల వాన కురియగా, ఇరుకైపోయిన వాగు గట్టు దాటి బేగంపేట ఇండ్లలో ప్రవేశించెను.