ఆకలీ ప్రార్థనా ఒకే గడియారం మీద: లాతీను కతోలిక తపస్కాల నియమాల్లో భోజనవేళ

20వ శతాబ్దం నడిమి దాకా లాతీను సంప్రదాయపు కతోలిక మఠాల్లోనూ పెద్ద దేవాలయాల్లోనూ తపస్కాలం వచ్చిందంటే ఒక వింత ఏర్పాటు కనిపించేది. పొద్దు వాలాక పాడవలసిన సంధ్యా ప్రార్థనను మధ్యాహ్న భోజనానికి కూర్చోకముందే ముగించేవారు. ఆదివారాల్లో మాత్రం అది యథాప్రకారం సాయంత్రమే జరిగేది. ఇదేదో గురువుల సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటు అని తీసిపారేయడం తేలికే. కానీ తపస్కాల చరిత్రను ఇక్కడి నుంచి చదవడం మొదలుపెడితే మిగిలిన చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

తపస్కాల ఉపవాసం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఏం తినకూడదన్న జాబితా దగ్గరే ఆగిపోతారు. మాంసం, గుడ్లు, పాలు, వెన్న: ఏ శతాబ్దంలో ఏది నిషిద్ధం, ఏది ఎప్పుడు సడలింది అన్నదే చర్చ. ఈ వ్యాసం పరిశీలించేది ఇంకో సంగతి, ఎప్పుడు తినాలి అన్నది. సంప్రదాయ తపస్కాలంలో ప్రార్థన ఒక పక్క, ఉపవాసం ఒక పక్క నడిచిన రెండు వేర్వేరు భక్తిక్రియలు కావు. ప్రార్థన ముగిసేదాకా తిండి లేదు. ఆ ముడి ఉన్నంతకాలం నియమాలు ఎంత సడలినా తపస్సుకు ఒక ఆకారం మిగిలింది. ముడి వీడాక, మిగిలిన నియమం చిన్నదైనా పెద్దదైనా, దాని స్వభావమే వేరు.

క్రీ.శ. 325లో నీకేయా మహాసభ చేసిన 5వ శాసనంలోనే పాస్కా (ఈస్టర్) పండుగకు ముందరి నలభై దినాల ప్రస్తావన ఉంది. ఆ నలభై దినాలు గడిపే తీరుకు పాశ్చాత్య శ్రీసభలో స్పష్టమైన రూపం చూడాలంటే 6వ శతాబ్దపు పునీత బెనెడిక్టు మఠ నియమావళి తెరవాలి. 41వ అధ్యాయం ప్రకారం తపస్కాలంలో మఠవాసులు రోజుకు ఒక్కసారే, అదీ సంధ్యా ప్రార్థన అయ్యాకే భోంచేయాలి. అయితే దీపం అవసరం లేకుండా పగటి వెలుతురు ఉండగానే భోజనం ముగిసేలా ఆ ప్రార్థన వేళను సరిచూసుకోవాలని కూడా బెనెడిక్టు చెప్పాడు. కార్తికంలో చుక్కను చూసి భోంచేసే నక్తం తెలిసిన తెలుగు పాఠకుడికి సాయంత్రం దాకా ఆగి ఒక్కసారే భోంచేయడం కొత్తగా తోచదు. 48వ అధ్యాయంలో మరో ఏర్పాటు ఉంది. తపస్కాలం మొదట్లో ప్రతి మఠవాసికీ ఒక గ్రంథం ఇస్తారు, దాన్ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవాలి. 49వ అధ్యాయం ఎవరికి వారు అదనంగా చేసుకునే తపస్సు గురించి: తిండిలోనో నిద్రలోనో మాటల్లోనో కొంత తగ్గించుకోవచ్చు. కానీ మఠాధిపతికి చెప్పి, ఆయన సమ్మతితోనే చేయాలి. చెప్పకుండా చేసిందంతా గర్వం కింద జమ. ఈసారి నేను కాఫీ మానేశాను, ఫోను మానేశాను అని తపస్కాలపు మొదటి రోజునే నలుగురికీ చాటుకునే మన కాలానికి ఈ అధ్యాయం కాస్త కటువుగానే వినిపిస్తుంది.

సాయంత్రం దాకా ఆకలితో ఉండటం అందరి వల్లా కాలేదు. భోజనం మెల్లగా ముందుకు జరిగింది. 13వ శతాబ్దంలో తోమా అక్వినాసు ఉపవాసి భోంచేయదగిన వేళ పగటి తొమ్మిదవ గంట, అంటే మన లెక్కలో సుమారు మధ్యాహ్నం మూడు గంటలు, అని సమర్థించాడు. క్రీస్తు సిలువపై శ్రమ ముగిసిన గడియ అదేనన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. మరో శతాబ్దానికి భోజనం మిట్టమధ్యాహ్నానికి చేరింది. ఇక్కడే అసలు విశేషం ఉంది. సంధ్యా ప్రార్థన తర్వాతే భోజనం అన్న నియమాన్ని ఎవరూ కొట్టివేయలేదు. దానికి బదులు ప్రార్థననే పగలు పన్నెండుకు ముందుకు లాక్కొచ్చారు. అక్షరం నిలిచింది, పొద్దు మారింది. ఇంకో సూక్ష్మం: ఈ మార్పు తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి కాక, ఆ తర్వాతి శనివారం నుంచి అమలయ్యేది. కారణం చారిత్రకం. మొదట తపస్కాలం ఆ శనివారం మరునాటి ఆదివారంతోనే ఆరంభమయ్యేది. ఆదివారాల్లో ఉపవాసం ఉండదు కాబట్టి నలభై ఉపవాస దినాల లెక్క పూర్తి చేయడానికి ముందు నాలుగు రోజులు తర్వాత చేర్చారు. కొత్తగా చేరిన ఆ రోజులకు పాత ప్రార్థనాక్రమం అంటలేదు.

దీన్ని కపటమనే విమర్శకులు ఉంటారు, వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. నాకు మాత్రం ఇది ఒక సమాజం తన బలహీనతను ఒప్పుకుంటూనే మాట నిలబెట్టుకోవడానికి చేసిన ప్రయత్నంగా కనిపిస్తుంది. వేళ మారినా క్రమం మారలేదు: ముందు దేవుడి ముందు నిలబడటం, ఆ తర్వాతే కంచం ముందు కూర్చోవడం.

భోజనం మధ్యాహ్నానికి రావడంతో రాత్రి ఆకలి మొదలైంది. మఠాల్లో సాయంత్రం గ్రంథపఠనం వేళ కాస్త పానీయం తీసుకునే అలవాటు ఉండేది. దాని పక్కన రొట్టెముక్క చేరింది, చివరికి అది ఎనిమిది ఔన్సులు మించరాదని నీతిశాస్త్రకారులు తూకం కట్టే దాకా వెళ్ళింది. ద్రవపదార్థం ఉపవాసాన్ని భంగపరచదన్న సూత్రం మరో వివాదం తెచ్చింది. చాక్లెట్ తాగితే ఉపవాసం చెడుతుందా అన్న ఒక్క ప్రశ్న మీద అంతోనియో దె లియోన్ పినేలో 1636లో మాద్రిద్‌లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. వెన్న విషయం మరీ ప్రసిద్ధం. నూనె దొరకని ఉత్తర దేశాలవారికి వెన్న వాడుకోవడానికి అనుమతి కావాల్సి వచ్చింది. 1491లో పోపు 8వ ఇన్నొసెంటు సాక్సనీ ప్రాంతానికి అలాంటి అనుమతి ఇచ్చారు. ఫ్రాన్సులోని రువాఁ పెద్ద దేవాలయపు గోపురాల్లో ఒకదాన్ని జనం ఇప్పటికీ వెన్న గోపురమనే పిలుస్తారు. అలాంటి అనుమతుల కోసం చెల్లించిన కానుకలు దాని నిర్మాణానికి పోయాయని కదా పేరు.

ఇదంతా తిండి కథే అనుకుంటే పొరపాటు. 5వ శతాబ్దంలోనే పోపు మహా లియో తన తపస్కాల ప్రసంగాల్లో, మిగిలిన తిండి పేదవాడి ఇంటికి చేరాలని పదేపదే బోధించాడు. రోములో తపస్కాలపు ప్రతి దినానికీ ఒక నిర్ణీత దేవాలయం ఉండేది. విభూది బుధవారం సాంతా సబీనాతో మొదలయ్యే ఆ వరుసలో విశ్వాసులు ఊరేగింపుగా కదిలేవారు. పాత పూజాగ్రంథంలో తపస్కాలపు వారదినాలకు ఒక్కోదానికి సొంత పాఠాలున్నాయి. పూజ చివర ప్రజలు తలలు వంచగా వారి మీద గురువు చెప్పే ప్రత్యేక ప్రార్థన కూడా ఉంది. ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేసి, పాస్కా కాలంలో సత్ప్రసాదం స్వీకరించాలని 1215లో నాలుగవ లాతరను మహాసభ విధించాక, తపస్కాలం ప్రతి విచారణ (పారిష్)లోనూ లెక్కలు తేల్చుకునే కాలమైంది. సిలువ మార్గం వీటన్నిటికంటే ఆలస్యంగా స్థిరపడింది. ఫ్రాన్సిస్కన్ సభ ప్రచారం చేసిన ఆ భక్తికి 14 స్థలాలని 1731లో పోపు 12వ క్లెమెంటు ఖాయం చేశారు.

వేళను మార్చి నియమాన్ని నిలబెట్టే పద్ధతికి ఒక విపరీత ఫలితం కూడా ఉంది. 1566లో పోపు 5వ పయస్సు మధ్యాహ్నం తర్వాత దివ్యబలిపూజ చేయరాదని ఆజ్ఞాపించారు. దాంతో పాస్కా జాగరణ, పేరుకు రాత్రి పూజే అయినా, శనివారం ఉదయానికి స్థిరపడిపోయింది. రాత్రి మహిమను కీర్తించే పాట పట్టపగటి వెలుగులో, ఎక్కువ చోట్ల ఖాళీ బల్లల ముందు పాడేవారు. పూజ ఉదయమే అయిపోయింది కాబట్టి 1917 నాటి శ్రీసభ చట్టం తపస్కాల ఉపవాసం పవిత్ర శనివారం మిట్టమధ్యాహ్నంతో ముగుస్తుందని రాసింది. 1951లో పోపు 12వ పయస్సు జాగరణను ప్రయోగంగా మళ్ళీ రాత్రికి మార్చారు. 1955లో పవిత్ర వారపు సంస్కరణతో అది అందరికీ విధి అయింది. అదే శాసనం ఉపవాసాన్ని మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రికి పొడిగించింది. ఆ దశాబ్దంలో ఉపవాస నియమాలన్నీ సడలుతున్నాయి. సత్ప్రసాదానికి ముందరి ఉపవాసాన్ని అర్ధరాత్రి నుంచి మూడు గంటలకు తగ్గించినది కూడా ఈ పోపుగారే, 1957లో. అలాంటి కాలంలో పవిత్ర శనివారం ఉపవాసం ఒక్కటే పెరిగింది. పూజ తన వేళకు తిరిగి వెళ్ళగానే ఆకలి కూడా దాని వెంట వెళ్ళింది. ముందు చెప్పిన ముడికి ఇంతకంటే బలమైన రుజువు నాకు దొరకలేదు.

పాత పూజాక్రమాన్ని అభిమానించే నేటి యువ కతోలికులు సంప్రదాయ తపస్కాలమంటే తరచు 1917 చట్టాన్నే చూపుతారు. ఆ చట్టం మధ్యయుగాలతో పోలిస్తే ఎంతో తేలిక. ఆదివారాలు మినహా అన్ని రోజులూ ఒక్కపొద్దు ఉండాలి, నిజమే. మాంసవర్జనం మాత్రం ప్రధానంగా విభూది బుధవారం, శుక్ర, శనివారాలకు. మిగతా రోజుల్లో ప్రధాన భోజనంలో మాంసం తినవచ్చు. గుడ్లకూ పాలకూ అడ్డు లేదు. ఉపవాసం 21 ఏళ్ళు నిండినవారికి, 60వ ఏడు మొదలయ్యే దాకా. మధ్యాహ్న భోజనాన్నీ సాయంత్రపు చిరుతిండినీ అటూ ఇటూ మార్చుకోవచ్చని కూడా అందులో ఉంది. అంటే సామాన్య విశ్వాసి విషయంలో భోజనవేళ అప్పటికే ప్రార్థన చేయి వదిలేసింది.

ఈ చట్టం తెలుగు నేల మీది లాతీను విచారణలకూ వర్తించినదే. అయితే కాయకష్టం చేసేవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని నీతిశాస్త్రకారులు ఏకాభిప్రాయంతో చెప్పేవారు. తపస్కాలం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది. గుంటూరు సీమలో అవి ఎండలు ముదిరే రోజులు, మిరపకోతల రోజులు. పొద్దున్నే చేలోకి దిగే కూలి కుటుంబానికి ఒక్కపొద్దు చట్టరీత్యా విధి కాదు. కనుక మన పల్లెల్లో తపస్సు బరువు వంటింటి కంటే ప్రార్థన మీదే ఎక్కువ పడిందనుకోవడం సమంజసం: శుక్రవారం సిలువ మార్గం, జపమాల, పాస్కాకు ముందు పాపసంకీర్తనం. చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుడిలో పద్నాలుగు సార్లు మోకరించి లేచిన ఒంటికి ఉపవాసం లేదని ఎవరంటారు?

1966 ఫిబ్రవరి 17న పోపు 6వ పౌలు వెలువరించిన ‘పెనితేమిని’ శాసనం తప్పనిసరి ఉపవాసాన్ని విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అనే రెండు రోజులకు కుదించింది. పోపుగారి ఉద్దేశం తపస్సును తగ్గించడం కాదు. పశ్చాత్తాపం దైవాజ్ఞ అని అందులో గట్టిగానే ఉంది. తిండి నియమంలో కొంత భాగాన్ని ప్రార్థనతో, దానధర్మాలతో భర్తీ చేసే అధికారం దేశీయ పీఠాధిపతుల మండలులకు అప్పగించారు. ఆచరణలో భర్తీ ఎవరికి వారి ఇష్టమైంది. ఇష్టం చాలాచోట్ల మరుపైంది. బెనెడిక్టు తన మఠంలో అదనపు తపస్సును సొంత ఇష్టానికి వదిలినా, ఒకరి సమ్మతితో కట్టాడు. 1966 తర్వాతి విశ్వాసికి ఆ కట్టు లేదు.

ఇంగ్లండు, వేల్సు పీఠాధిపతులు దీన్ని గమనించినట్టే ఉంది. 2011 సెప్టెంబరు 16 నుంచి శుక్రవారం మాంసవర్జనాన్ని తమ ప్రజలందరికీ మళ్ళీ విధించారు. మంచి అలవాట్లు ఉమ్మడి నిశ్చయంలోంచే నిలబడతాయన్నది వారు చెప్పిన కారణం. ఏ ప్రార్థన ముగిశాక కంచం ముందు కూర్చోవాలన్న ఊసు ఆ తీర్మానంలో లేదు.