బాలానగర్ బడి

కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట వైపు మెట్రోలో రోజూ తిరిగేవాళ్ళకి బాలానగర్ స్టేషన్ తెలియకుండా ఉండదు. ఆ చుట్టుపక్కల ఐడీపీఎల్ పేరుతో ఒక చౌరస్తా, ఒక కాలనీ ఉన్నాయని కూడా చాలామందికి తెలుసు. ఆ నాలుగు అక్షరాలంటే ఏంటని మా టీంలో అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నిజం చెప్పొద్దూ, మా మామయ్య చెప్పేదాకా నాకూ తెలీదు.

ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్. 1961లో కేంద్ర ప్రభుత్వం సోవియట్ సాయంతో పెట్టిన మందుల కంపెనీ. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాదులో సింథటిక్ మందులు, మద్రాసులో ఆపరేషన్ పరికరాలు. 1992లో దీన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు, 2016 డిసెంబరులో మూసెయ్యాలని కేబినెట్ నిర్ణయించింది. ఇంతవరకే చదివుంటే "ప్రభుత్వ రంగం కదా, అంతేలే" అని నేనూ పేజీ తిప్పేసేవాడిని.

కానీ మా మామయ్య 1988 నుంచి ముప్పై ఏళ్ళు జీడిమెట్లలో ఒక చిన్న బల్క్ డ్రగ్ యూనిట్‌లో రియాక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. చదివింది ఇంటర్. పని నేర్పింది ఐడీపీఎల్ వదిలేసి వచ్చిన ఒక సారు. టెంపరేచర్ ఎంత వేగంగా పెరుగుతోందో చూసి బ్రైన్ ఎప్పుడు తిప్పాలో, బ్యాచ్ రంగు మారితే ఎవర్ని పిలవాలో అన్నీ ఆయన దగ్గరే. "మా షిఫ్టులో సగంమంది ఆ సారు శిష్యులేరా" అంటాడు.

జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, ఎక్కడ తవ్వినా ఇలాంటి కథే తగులుతుంది. అందరికీ తెలిసిన పేరు కె. అంజిరెడ్డి గారిది. 1969లో ఐడీపీఎల్‌లో చేరి, 1975లో బయటికొచ్చి, ఒకటి రెండు కంపెనీల తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇదంతా తెలివితేటల వల్లే జరిగిందనుకుంటే పొరపాటు. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందుకి పేటెంట్ లేదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉంది. అదే మందుని ఇంకో దారిలో చేస్తే ఎవరూ అడగరు. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ అదే, కోడ్ మాత్రం మనది. ఆ కోడ్ రాయగలిగే కెమిస్టులు బాలానగర్‌లో తయారై ఉన్నారు. చట్టం 2005లో మళ్ళీ మారింది కానీ అప్పటికి ఊరు నిలదొక్కుకుంది.

(ఈ బడికి ఫీజు కట్టింది మాత్రం చెరువులు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్, ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువుందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు.)

మరి రిషీకేశ్ సంగతేంటి? అదీ ఐడీపీఎల్లే, అక్కడా చదువుకున్నవాళ్ళే. దాని చుట్టూ ఇంకో హైదరాబాద్ ఎందుకు పుట్టలేదు? నన్ను చాలా రోజులు తొలిచిన ప్రశ్న ఇది.

నాకు తోచిన జవాబు పనిలోనే ఉంది. సింథటిక్ మందుకి ఒక షెడ్డు, మూడు నాలుగు రియాక్టర్లు, ధైర్యం ఉన్న ఒక కెమిస్టు, బ్యాంకు అప్పు ఉంటే మొదలెట్టొచ్చు. పెన్సిలిన్ అలా కాదు. అది బూజు నుంచి వచ్చేది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో చక్కెర పోసి, రోజుల తరబడి గాలి, కరెంటు ఆగకుండా పెంచాలి. మధ్యలో వేరే సూక్ష్మజీవి దూరితే బ్యాచంతా పారబొయ్యాలి. చిన్నవాడు దిగలేని ఆట. చైనా భారీ ఫ్యాక్టరీలు కట్టి తక్కువ ధరకి అమ్మడం మొదలెట్టాక మన దగ్గర పెన్సిలిన్-జి చేసే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమాక్సిసిలిన్ మాత్రలు మాత్రం మనమే చేశాం, చైనా నుంచి తెచ్చుకున్న సరుకుతో. చవగ్గా వస్తోంది కదా, ఎవరికీ బాధ లేదు.

బాధ 2020లో తెలిసింది. చైనా ఫ్యాక్టరీలు ఆగేసరికి మార్చిలో మన ప్రభుత్వం పారాసెటమాల్‌తో సహా 26 రకాల మందులు, ముడిసరుకుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. బల్క్ డ్రగ్ దిగుమతుల్లో దాదాపు మూడింట రెండు వంతులు చైనావేనని అప్పుడే అందరూ కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడారు. అదే ఏడాది రూ. 6,940 కోట్లతో ప్రోత్సాహక పథకం వచ్చింది. దాని కింద అరబిందో వాళ్ళ అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర ఏడాదికి 15,000 టన్నుల పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ కట్టి 2024లో ఉత్పత్తి మొదలెట్టింది.

సంతోషమే. కాకపోతే చైనావాడు రేపు ధర ఇంకో మెట్టు దించితే ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? పథకం గడువు తీరాక? డబ్బు సంగతి అలా ఉంచండి, ఫెర్మెంటేషన్‌లో చేతులు కాల్చుకున్న మనుషులు మనకి ఎంతమంది మిగిలారు? ఒరిజినల్ టీమంతా వెళ్ళిపోయిన ప్రాజెక్టుని ఇరవై ఏళ్ళ తర్వాత తెరిచినవాడికి నా భయం అర్థమవుతుంది.

మొన్న ఆదివారం మామయ్య ఇంటికెళ్ళాను. వాళ్ళబ్బాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. ఒక ఫార్మా కంపెనీలో ట్రైనీగా రమ్మన్నారట, మూడు షిఫ్టులు, జీతం మా ఆఫీసులో క్యాబ్ బిల్లంత. "బావా, నాకూ టెస్టింగ్‌లో ఏదన్నా చూడు, మూడు నెలల్లో నేర్చేసుకుంటా" అన్నాడు. మామయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. రెజ్యూమె పంపమన్నాను. రాత్రికే పంపాడు. ఇంకా ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యలేదు.