అరిగిన లేత్ బెడ్డు – సమతల సాధన చరిత్రము

ఆయిల్ ఇంజను షాఫ్టు అరిగిననాడు, బియ్యపు మిల్లు ఇరుసు వంగిననాడు మన రైతు దానిని బండిలో వేసికొని పట్టణములోని లేత్ దుకాణమునకు పోవును. షాఫ్టు బాగుపడి వచ్చును. కాని ఆ లేత్ యంత్రమే అరిగినచో దానిని బాగుచేయుట యెట్లు? మన గ్రంథాలయ సభ్యులకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును గాని, దీని సమాధానములో రెండువందల యేండ్ల చరిత్ర యిమిడియున్నది.

లేత్‌కు బెడ్డు వెన్నెముక వంటిది. పోత ఇనుముతో చేసిన యీ పొడవాటి దిమ్మెపై ఒక కొనను హెడ్‌స్టాకు, మరియొక కొనను టెయిల్‌స్టాకు ఉండును. నడుమ ఉలిని మోయు సాడిలు ముందువెనుకలకు జరుగుచుండును. పనిలో అధికభాగము చక్కు సమీపముననే జరుగును గనుక బెడ్డు అచ్చటనే అరుగును. ఇనుప రజను, దుమ్ము నూనెలో కలిసి ఆకురాయి వలె పనిచేయును. ఏండ్లు గడచిన పిమ్మట చూడగా, చివరలు క్రొత్తవిగనే యుండి చక్కు దగ్గర మాత్రము పల్లము పడియుండును. సాడిలు ఆ పల్లములో దిగి ప్రక్కకు ఒరిగినపుడు, ఉలి అంగుళములో వెయ్యవ వంతు వెనుకకు తొలగెనా, కడ్డీ వ్యాసములో రెండు వెయ్యవ వంతుల తేడా వచ్చును. నిడుపాటి కడ్డీ ఒకవైపు లావు, ఒకవైపు సన్నము!

తిన్నని వస్తువును మరియొక తిన్నని వస్తువుతో సరిచూడవచ్చును. మరి మొట్టమొదటిదానిని దేనితో సరిచూచిరి?

హెన్రీ మాడ్‌స్లే (1771–1831) అను ఆంగ్లేయుడు జోసెఫ్ బ్రామా కార్ఖానాలో వారమునకు 30 షిల్లింగులకు పనిచేయుచు, జీతము పెంచుమని యడిగి, లేదనిపించుకొని, 1797లో లండనులో సొంత కార్ఖానా పెట్టెను. (ఆ యజమాని బిగువుతనము లోకమున కెంత మేలుచేసెనో!) మరలు కోయు లేత్‌ను పరిపూర్ణమొనర్చిన ఘనత ఈతనిది. ఈతడు తన పనివారి బల్లలపై సమతలమైన ఇనుప పలకల నుంచి, చేసిన భాగములను వానిపై సరిచూచుకొమ్మనెడివాడు. 1825లో జోసెఫ్ విట్‌వర్త్ అను యువకుడు అచ్చట చేరెను. 1833లో మాంచెస్టరులో సొంత కార్ఖానా తెరచి, 1840లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో సమతలములను సాధించు పద్ధతిని వివరించెను.

ఆ పద్ధతి యిది. రెండు పలకలను మాత్రమే ఒకదానితో నొకటి సరిచేసినచో, ఒకటి గుంటగాను మరొకటి ఉబ్బుగాను మిగిలి, అయినను చక్కగా పొసగవచ్చును. అందుచేత మూడవ పలక కావలెను. గుంటపలకలు రెండు ఎదురైన నడుమ వెలితి కనబడును. ఉబ్బుపలకలు రెండు ఎదురైన ఊగును. అడ్డముగా త్రిప్పి చూచినను, ఏ జతగా పెట్టినను మూడును పొసగినపుడే మూడును సమతలములు. అంతకుముందు పలకల నడుమ కురువిందపు పొడి వేసి అరగదీయుట వాడుక. పొడి తనకు తోచినచోట తినివేయునని, మిట్టలను మాత్రమే స్క్రేపరుతో గీకవలెనని విట్‌వర్త్ వాదము.

కీర్తి యంతయు విట్‌వర్త్‌కే దక్కినది. అయితే మాడ్‌స్లే వద్ద పనిచేసిన జేమ్స్ నాస్మిత్, 1883లో వెలువడిన తన స్వీయచరిత్రలో, గురువు బల్లపై నున్న పలకలను గూర్చి చెప్పెను. గురువు చేయించినదానిని శిష్యుడు శాస్త్రముగా లోకమున కందించెనని నా యభిప్రాయము.

అరిగిన బెడ్డును నేటికిని ఈ విధముననే ఉద్ధరింతురు. ముందుగా దానిని స్పిరిట్ లెవెలుతో మట్టసముగా నిలుపవలెను. కాళ్లు సరిగా ఆననందున మెలిపడిన బెడ్డును అరిగినదని భ్రమించి గీకి పాడుచేసినవారు కలరు. పిమ్మట సాడిలు ఎన్నడును పోని కొనభాగమును ప్రమాణముగా గొని, నూనెలో కలిపిన సింధూరమునో నీలిరంగునో పలుచగా పూసిన సరిబద్దను బెడ్డుపై రుద్దుదురు. రంగంటినచోటులు మిట్టలు. వానిని గీకి, తుడిచి, మరల రుద్ది, ఈసారి అడ్డముగా గీకుదురు. ఒక్కసారి గీకిన అంగుళములో వెయ్యవ వంతైనను పోదు. దినముల తరబడి సాగు పని యిది. 1955లో అమెరికాలో ఎడ్వర్డ్ కానెల్లీ ఈ విద్యపై పెద్ద గ్రంథమే వెలువరించెను. పల్లము మిక్కిలి లోతైనచో, లేక బెడ్డు పైభాగము గట్టిపరచినదైనచో, స్క్రేపరు చాలదు. గ్రైండింగు యంత్రముపై కెక్కింపవలసినదే.

మన తెలుగునాటను 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ సంస్థ నెలకొని, యంత్రములను చేయు యంత్రములకు పేరొందెను. బెంగుళూరు హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో వెలసినది.

బెడ్డును గీకిన తరువాత చాలమంది మరచునది యొకటి కలదు. బెడ్డు ఎంత తరిగెనో సాడిలు అంత క్రిందికి దిగును. దానితో లీడ్ స్క్రూ వరుస తప్పును. టెయిల్‌స్టాకు మొన హెడ్‌స్టాకు కేంద్రము కంటె క్రిందుగా నుండును. సాడిలు అడుగున సన్నని పట్టీ అతికి, టెయిల్‌స్టాకు క్రింద రేకు పెట్టి ఎత్తు సరిచేయవలెను. ఆ పైని ఒక కడ్డీని చక్కులో బిగించి, తేలికగా కోసి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలుతురు. కొలతలు రెండును ఒక్కటిగా వచ్చువరకు స్క్రేపరును పెట్టెలో పెట్టరు.