కట్టుకొయ్య

నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో మా గూడెంలో ఒకాయన్ని పశువుల పాకలో కట్టుకొయ్యకు కట్టేసి ఉంచేవారు. నాకు వరసకు మామ అవుతాడు. తనలో తాను మాట్లాడుకుంటూ రాత్రుళ్లు అడవిలోకి వెళ్లిపోయేవాడు. ఎక్కడ వాగులో పడతాడోనని ఇంటివాళ్లే తాడు కట్టారు. బడి నుంచి వస్తూ పిల్లలం ఆయన మీద మట్టిగడ్డలు విసిరేవాళ్లం. నేనూ విసిరాను. ఈ చరిత్ర రాసేముందు ఆ మాట ఒప్పుకోవాలి.

"అడవిలో ఉండేవాళ్లకు తెలియక కట్టేస్తారు" అని పట్నంవాళ్లు అంటుంటారు. కానీ మతి చెదిరినవారిని బంధించడాన్ని చట్టంగా రాసింది చదువుకున్న ప్రభుత్వాలే. 1858లో బ్రిటిష్‌వాళ్లు పిచ్చాసుపత్రుల కోసం చట్టం చేశారు. 1912 నాటి లూనసీ చట్టం దిక్కులేక తిరిగే మతిస్థిమితం లేనివారిని పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు రాస్తే ఆసుపత్రిలో పెట్టేవారు. జబ్బు మనిషిని ముందు చూసేది డాక్టరు కాదు, పోలీసు.

ఆ రోజుల్లో మనకు గోదావరే సరిహద్దు. భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలో, ఇవతల పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యంలో ఉండేవి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. మద్రాసు ఏలుబడిలో పిచ్చాసుపత్రి ఎక్కడో వాల్తేరులో ఉండేది. తర్వాత మనకు దిక్కైన ఎర్రగడ్డ ఆసుపత్రి భద్రాచలానికి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పోడు మీద బతికే కుటుంబం కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని అంత దూరం ఎలా వెళ్తుంది? ఆసుపత్రి అందనిచోట తాడు అందింది.

మన గూడేల్లో మంచీ ఉంది, చెడూ ఉంది. మామను ఎవరూ ఊరి నుంచి వెళ్లగొట్టలేదు. కొత్తల పండుగనాడు ఆయన వాటా ఆయనకు పెట్టేవారు. అదే గూడెంలో జ్వరాలు వచ్చి పిల్లలు పోతే, వింతగా ప్రవర్తించేవారి మీద, ఒంటరి ఆడవాళ్ల మీద చిల్లంగి అనుమానం పడేది. ఆ అనుమానంతో ప్రాణాలు తీసిన వార్తలు ఏజెన్సీలో ఇప్పటికీ వింటున్నాం. దీన్ని మన ఆచారమని వెనకేసుకు రాకూడదు.

లూనసీ చట్టం స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. అయినా గొలుసు పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నయమవుతుందని దర్గా దగ్గర ఉంచిన రోగుల పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. అది అడవి కాదు, ఆదివాసీ గూడెమూ కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాట మార్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం పొందడం రోగి హక్కు అంది. ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదంది. దిక్కులేక తిరిగేవారిని పోలీసులు లాకప్‌లో పెట్టరాదు, కాపాడి వైద్యానికి చేర్చాలి అంది. పట్టుకోమన్న చట్టం నుంచి కాపాడమన్న చట్టం దాకా రావడానికి నూరేళ్లు పట్టింది.

వైద్యాన్ని జిల్లాలకు తెచ్చే పథకం 1996లో నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. 2022 నుంచి టెలీ మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ సిగ్నల్ లేని గూడేనికి ఆ నంబరును మోసుకెళ్లాల్సింది మనమే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వడ్డె దగ్గరకు వెళ్లొద్దని నేను చెప్పను. మొక్కు తీర్చుకోండి, మరునాడు ఆసుపత్రికీ తీసుకెళ్లండి. మందులు మొదలుపెట్టాక కాస్త నెమ్మదించగానే మానేయకుండా చూడండి. టీచర్లు తరగతిలో "పిచ్చోడు" అనే మాట వినబడితే ఆగి మాట్లాడండి. మా మామ చనిపోయేదాకా ఏ డాక్టరూ ఆయన్ని చూడలేదు. మా టీచర్లలో ఒక్కరైనా మమ్మల్ని ఆపి ఉంటే, కనీసం ఆ మట్టిగడ్డలైనా ఆయనకు తగిలేవి కావు.