బాకీకి బందీఖానా

సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షనుకు 1936లో చేర్చిన ఒక నిబంధనకు 2026లో తొంభై ఏళ్లు నిండుతున్నాయి. డబ్బు చెల్లించాలని కోర్టు డిక్రీ ఇచ్చినంత మాత్రాన బాకీపడ్డ మనిషిని జైలుకు పంపరాదని, అతను పారిపోయే ప్రయత్నంలో ఉన్నాడనో, ఆస్తిని దురుద్దేశంతో ఇతరుల పేరిట మార్చాడనో, చేతిలో డబ్బు ఉండి కూడా కట్టడం లేదనో కోర్టుకు నమ్మకం కుదిరి, ఆ కారణాలను రాతలో నమోదు చేసిన తరువాతే పంపాలని ఆ నిబంధన చెబుతుంది. అప్పటి మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాలో, మిట్ట ప్రాంతపు ఊళ్లయిన నందిగామ, జగ్గయ్యపేటలలో వడ్డీకి తెచ్చిన పెట్టుబడితో మెట్ట పంటలు వేసుకునే రైతులకు అది దక్కించిన రక్షణ చిన్నది కాదు. అయినా అప్పుకు ఖైదు అనే ఆచారం అంతకు ముందు శతాబ్దాల పాటు నడిచింది, ఆ తరువాత కూడా రూపం మార్చుకుని నడుస్తూనే ఉంది. ఈ చరిత్ర పొడుగునా కనబడే సత్యం ఒకటే. జైల్లో కూర్చున్నవాడు సంపాదించలేడు కనుక తన బాకీ తాను తీర్చలేడు, తీర్చవలసినవాడు ఎప్పుడూ బయట ఉన్న మరొకడే.

ప్రాచీన ధర్మశాస్త్రాలు బాకీ రాబట్టుకోవడానికి ఐదు మార్గాలు చెప్పాయి. నచ్చజెప్పడం, వ్యవహారం అంటే న్యాయసభకు ఎక్కడం, ఉపాయం పన్నడం, బాకీదారుడి గడప ముందు ధర్నా కూర్చోవడం వంటి ఆచారం, చివరిగా బలప్రయోగం. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం చితికిపోయిన బాకీదారుడు తక్కువ కులంవాడైతే అతనిచేత పనిచేయించి బాకీ చెల్లుబెట్టుకోవచ్చు, బ్రాహ్మణుడైతే మాత్రం రాబడి వచ్చినప్పుడల్లా మెల్లగా కట్టించుకోవాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు గనుక, రుణవ్యవహారాల ధర్మం ఆ కాలానికే తెలుగువారికి సొంత భాషలో అందింది. అదే శతాబ్దం చివర కోరమండల్ తీరం చూసిన మార్కోపోలో, అక్కడ అప్పిచ్చినవాడు బాకీదారుడి చుట్టూ నేల మీద గిరి గీస్తే బాకీ కట్టేదాకానో, తగిన హామీ ఇచ్చేదాకానో అతను దాన్ని దాటరాదని, దాటితే మరణశిక్ష అని రాశాడు. ఒక పరదేశి వర్తకుడు గీసిన గిరిలో సాక్షాత్తు రాజే గుర్రంతో సహా నిలబడిపోయి, బాకీ చెల్లించి గాని కదలలేదని కూడా ఆయన నమోదు చేశాడు. గోడలూ కాపలాదారులూ లేని ఆ జైలుకు ఊరి కళ్లే కాపలా.

ఈ చరిత్రలో తెలుగు మనసును అందరికంటే ఎక్కువగా కలచివేసే ఖైదీ శ్రీనాథుడు. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా పనిచేసి, విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును గెలిచి కనకాభిషేకం చేయించుకుని, రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండాన్ని అంకితమిచ్చిన మహాకవి ఆయన. సముద్ర వ్యాపారం చేసే అవచి తిప్పయసెట్టికి హరవిలాసాన్ని అంకితమిచ్చిన ఆయనకు రాజుల ధనమే గాక వర్తకుల ధనమూ తెలుసు. అటువంటివాడు ముసలితనంలో, రెడ్డిరాజ్యాలు కూలి కళింగ గజపతుల ఏలుబడి కృష్ణాతీరానికి దిగివచ్చిన రోజుల్లో, బొడ్డుపల్లి అనే ఊరి భూమిని గుత్తకు తీసుకున్నాడని చాటువులు చెబుతాయి. చాటువు అంటే కావ్యంలో చేరకుండా నోటినుంచి నోటికి వచ్చిన విడి పద్యం. గుత్త అంటే పంట పండినా ఎండినా ముందుగా ఒప్పుకున్న సొమ్మును ఏలినవారికి కట్టవలసిన కౌలు. మహాకవి కౌలురైతయ్యాడన్న మాట.

ఆ ఏడు సేద్యం దక్కలేదు. పండినదాన్ని కృష్ణ వరద కొట్టుకుపోయింది, మిగిలిన నువ్వులనూ పెసలనూ పక్షులు తినిపోయాయి. దివాణానికి కట్టవలసినది ఏడువందల టంకాలు, టంకం అప్పటి నాణెం. ఇంత సూటిగా, ఊరి పేరు, పంట పేరు, నష్టానికి కారణం, బాకీ మొత్తం అన్నీ చెప్పే బాకీ పత్రం ఆ కాలపు తెలుగు సాహిత్యంలో మరొకటి దొరకడం కష్టం. రాగిరేకుల మీద దానాలే చెక్కారు, బాకీలు చెక్కినవారు లేరు. అందువల్ల ఒక రైతు దివాళా తీసిన వైనం పద్యంలోనే బతికింది.

పన్ను ఎగవేతదారులకు ఆనాటి కొలువులు విధించే శిక్షలను ఆ పద్యాలు ఒక్కొక్కటిగా పేర్కొంటాయి. మెడకు తగిలించి ఎండలో పురవీధిలో నిలబెట్టే పొగడదండ అనే సాధనం, దివాణం వాకిట పడి ఉండి దోషుల భుజాల మీదికి ఎక్కే నల్లగుండు, కాళ్లకు వేసే నిగళాలు అంటే సంకెళ్లు, ముంజేతిని బిగించే వెదురుగొడియ అనే వెదురు పరికరం. చాటుకవి ఒక్కొక్క శిక్షాసాధనం పక్కన శ్రీనాథుడి బిరుదునో కావ్యాన్నో ఆశ్రయాన్నో నిలిపాడు. సంకెళ్లు తగిలినవి నైషధాన్ని తెలుగు చేసినవాడి పాదాలకని, గుండు ఎక్కింది కవిసార్వభౌముడి భుజమని చదివిన పాఠకుడికి శిక్ష బరువు అవయవం అవయవానా తెలుస్తుంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ గోడల చాటున వేసే శిక్ష కాదు. నడివీధిలో, దివాణం వాకిట, పదిమందీ చూస్తుండగా వేసేవి. వాటి లక్ష్యం నేరుగా బాకీదారుడు కాదు, చూసి ఓర్వలేక ముందుకు వచ్చి టంకాలు లెక్కగట్టి పారేసే బంధువో, శిష్యుడో, ఆశ్రయదాతో.

శ్రీనాథుడికి ఆ మనిషి లేకపోయాడు. మరొక చాటువు పోయిన ఆశ్రయదాతల పట్టికను చదువుతుంది. వీరారెడ్డి కాశీ విశ్వేశ్వరుణ్ణి చేరాడు, తెలుంగురాయడు స్వర్గస్థుడయ్యాడు, బంగారు పళ్లెంలో అన్నం పెట్టే విస్సనమంత్రీ లేడు. దాన్ని సాధారణంగా పోయిన వైభవం మీది విలాపంగా చదువుతారు. ఏడువందల టంకాల పద్యం పక్కన పెట్టి చదివితే అది జామీనుదారుల జాబితా అవుతుంది. పూచీపడగల పేర్లు ఒక్కొక్కటీ కొట్టివేయగా చివరికి కవి ఒక్కడే మిగిలాడు. ఈ పద్యాలను శ్రీనాథుడే చెప్పాడా, తరువాతివారు ఆయన నోట పెట్టారా అన్న చర్చ పండితులలో ఉంది, గజపతుల రాకకూ కవి మరణానికీ తేదీలు పొసగవని అన్నవారూ ఉన్నారు. అయితే కౌలు కట్టలేని రైతుకు జరిగేది ఏమిటో తెలియని వారెవరూ ఆ పద్యాలను అల్లలేరు, అవి అబద్ధమని తేలినా ఆ సాధనాలు అబద్ధం కావు. 1993లో బాపు దర్శకత్వంలో నందమూరి తారకరామారావు శ్రీనాథుడిగా నటించిన చిత్రంతో ఈ కథ మరో తరానికి చేరింది. నందిగామ, జగ్గయ్యపేటలు 2022 ఏప్రిల్ నుంచి ఆ నటుడి పేరిట ఏర్పడిన జిల్లాలోనే ఉన్నాయి.

జగ్గయ్యపేటకు ఉత్తరాన ఉన్న నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న కథ అందరికీ తెలిసినదే. గోల్కొండ అబుల్ హసన్ తానీషా కాలంలో భద్రాచల ప్రాంతపు తహసీలుదారుగా ఉండి, సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, బకాయి కింద పన్నెండేళ్లు గోల్కొండ కోటలో బందీగా ఉన్నాడని సంప్రదాయం. రామలక్ష్మణులు వచ్చి రామమాడలు పోసి రసీదు పుచ్చుకున్నారన్నది భక్తుల విశ్వాసం. ఈ వ్యాసానికి అక్కరకు వచ్చే సంగతి ఆ రసీదు. అక్కన్న, మాదన్నలంతటి మేనమామలు కొలువులో ఉన్నా బాకీ మాఫీ కాలేదు, మూడో మనిషి వచ్చి పైకం కట్టాకే తలుపు తెరుచుకుంది. శ్రీనాథుడి వైపు రాని ఆ మూడో మనిషి గోపన్న వైపు వచ్చాడు.

ఆ తరువాత శతాబ్దంపైగా కాలం త్వరగా దాటిపోతుంది. బేతవోలు అనే ఊరిని వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేటగా పెంచి, వర్తకులను రప్పించి నిలబెట్టాడు. 1802 శాశ్వత సెటిల్‌మెంటుతో జమీందారు కంపెనీకి కట్టవలసిన పేష్కష్, అంటే ఏటా కట్టే కప్పం, స్థిరపడింది. 1816లో ఆయన కన్నుమూశాక దత్తపుత్రుల దావా లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది, ఆ లోగా బకాయిలు పేరుకుని ఎస్టేటు సర్కారు చేతికి పోయింది. జమీందారుకు భూమి పోయింది గాని దేహం దక్కింది. రైతుకు ఆ వెసులుబాటు లేదు. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం 48వ సెక్షను, ఆస్తి వేలంతో బకాయి తీరకపోతే, బుద్ధిపూర్వకంగా ఎగవేస్తున్నాడనిపించిన వ్యక్తిని కలెక్టరు అరెస్టు చేయించవచ్చని చెబుతుంది. దాన్ని సుప్రీంకోర్టు 1957లో మలబారు కలెక్టరు కేసులో సమర్థించింది.

ప్రైవేటు బాకీలకు దారి వేరు. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రిని అప్పు కింద మార్షల్‌సీ జైల్లో వేసిన ఇంగ్లండు, 1869లో చట్టం చేసి ఆ ఆచారాన్ని చాలావరకు మానుకుంది. అదే పాలకులు ఇక్కడ 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మాత్రం డిక్రీ బాకీకి అరెస్టును ఉంచారు. 1888లో స్త్రీలను మినహాయించారు. అప్పటి నందిగామ తాలూకాకు పడమట నిజాం రాజ్యం, ఆ రాజ్యం నడుమ దీవిలా మునగాల పరగణా ఉండేవి. బ్రిటిషు కోర్టు వారంటు పొలిమేర దాటితే చెల్లేది కాదు గనుక, పారిపోయే బాకీదారుడు అన్న మాట చట్టంలో ఎందుకుందో ఈ సరిహద్దు తాలూకాకు ఒకరు వివరించనక్కరలేదు.

ఇప్పటికీ అమలులో ఉన్న పద్ధతిని దగ్గరగా చూస్తే చట్టం తనను తానే నమ్మలేదని తెలుస్తుంది. అప్పిచ్చినవాడు ప్రోనోటు మీద దావా వేసి డిక్రీ పొంది, అమలుకు ఎగ్జిక్యూషన్ పిటిషన్, కోర్టు భాషలో ఈపీ, దాఖలు చేస్తాడు. 60వ సెక్షను కింద రైతు ఎడ్లనూ, వ్యవసాయ పనిముట్లనూ, కాపురముండే ఇంటినీ జప్తు చేయరాదు గనుక తరచూ మిగిలే దారి అరెస్టే. వారంటు పట్టుకున్న అమీను, అంటే కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి, సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు ఇంట్లో అడుగుపెట్టరాదు. అక్కడికక్కడే పైకం కడితే వెంటనే వదిలిపెట్టాలి. వారంటు బయలుదేరిందనగానే బావమరిది ప్రోనోటు రాసి మరోచోట అప్పు తేవడం, భార్య పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లడం ఆ ఒక్క నిబంధన ఫలితాలే. ఎవరూ రాకపోతే సివిల్ జైలులో ఉండే ఆ మనిషి తిండి ఖర్చు అప్పిచ్చినవాడే నెలనెలా ముందుగా కట్టాలి, ఆపితే ఖైదీని వదిలేస్తారు. బట్టలకూ పక్కబట్టలకూ అయ్యే ఖర్చు కూడా 1894 జైళ్ల చట్టం అప్పిచ్చినవాడి నెత్తినే పెట్టింది. అయిదు వేలకు మించిన బాకీకి గరిష్ఠంగా మూడు నెలలు, రెండు వేల దాకా అయితే ఖైదు లేదు. విడుదలైనా బాకీ రద్దు కాదు, అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు మాత్రం ఉండదు.

ఈ అరెస్టును తప్పించుకోవడానికి జనం కనిపెట్టిన దారి ఐపీ పెట్టడం. 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం కింద వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అది. జగ్గయ్యపేట వంటి వ్యాపార పట్నాలలో ఒకరు ఐపీ పెట్టారన్న వార్త గుప్పుమంటే, ఆ మనిషి నోటు మీద హామీ సంతకం పెట్టిన ప్రతి ఇంట్లో ఆ రాత్రి నిద్ర ఉండదు. మద్రాసు ప్రభుత్వం 1938లో చేసిన వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం వడ్డీలను తగ్గించింది గాని, ఈ హామీల గొలుసును తాకలేదు.

1980 ఫిబ్రవరి 4న జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పేదరికం నేరం కాదని, ఒకనాడు డబ్బు ఉండేదన్న కారణం చాలదని, ఇప్పుడు ఉండి కూడా దుర్బుద్ధితో ఎగవేస్తేనే ఖైదు చెల్లుతుందని తీర్పిచ్చారు. అప్పు తీర్చలేకపోయినందుకు మనుషులను జైల్లో పెట్టరాదన్న అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం అంతకు ముందు ఏడాదే చేరింది. 1936లో మొదలైన పని అక్కడితో పూర్తయిందని అనుకోవలసింది.

అంతలో దారి మారింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో కొత్తగా చేర్చిన 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే దాన్ని నేరం చేసింది. మొదట ఏడాదిగా ఉన్న గరిష్ఠ శిక్ష తరువాత రెండేళ్లయింది, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా వేయవచ్చు. వ్యాపారంలో చెక్కుకు విలువ తేవడానికి ఉద్దేశించిన సెక్షను ఇది. కాని అప్పిచ్చేవాళ్లు ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకోవడం మొదలుపెట్టాక, బాకీదారుడి దగ్గర డబ్బు ఉందా అన్న 1936 నాటి ప్రశ్న అడగవలసిన అవసరమే లేకపోయింది. చెక్కు తిరిగిరావడమూ, నోటీసు అందాక పదిహేను రోజులు గడవడమూ చాలు. అసలు బాకీయే లేదని రుజువు చేసుకునే భారం సంతకం పెట్టినవాడిదే.

మిట్ట ప్రాంతంలో ఇది ఎక్కువగా తగిలేది కౌలురైతుకు. పట్టా వేరొకరి పేరిట ఉంటుంది గనుక బ్యాంకు పంటరుణం అతనికి సులువుగా దొరకదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల సాగు కార్డు ఇచ్చినా, దానికి భూయజమాని సంతకం కావాలి. అందుకే మిరపకూ పత్తికీ పెట్టుబడి ఎరువుల కొట్టు మీదా, వడ్డీ వ్యాపారి మీదా ఆధారపడుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మున్నేరు, పాలేరు పొంగి ఈ రెండు పట్టణాల చుట్టూ పొలాలను ముంచినప్పుడు, బొడ్డుపల్లి గుత్తదారుకు పట్టిన గతి మళ్లీ పట్టింది. గుత్త మాట పోయి కౌలు వచ్చింది, టంకాలు పోయి రూపాయలు వచ్చాయి, నదికి పంట ఎవరిదో అప్పుడూ పట్టలేదు, ఇప్పుడూ పట్టదు. పరిహారం పట్టా ఉన్నవారి ఖాతాకు పోతే, అప్పు మాత్రం దున్నినవాడి పేరిటే నిలుస్తుంది.

స్త్రీలకు 1888 నుంచి ఉన్న మినహాయింపు ఇప్పటి కోడ్‌లో 56వ సెక్షనుగా కొనసాగుతోంది, డబ్బు డిక్రీ కింద ఏ స్త్రీనీ అరెస్టు చేయరాదు. చెక్కు కేసులో ఆ రక్షణ వర్తించదు. భర్త తెచ్చిన అప్పుకు హామీగా భార్య తన పొదుపు ఖాతా చెక్కు మీద సంతకం పెడితే, ఆ చెక్కు చెల్లక కేసు పడితే, వాయిదాకు రాలేకపోతే, నాన్‌బెయిలబుల్ వారంటు ఆమె పేరిటే వస్తుంది.